మీ అమ్మ పేరుతో చెప్పిన మాట

రేపల్లె,
ఫిబ్రవరి 27, శుక్రవారం.

ప్రియమైన స్నేహలతకు,

నాన్న దీవెనలు. దేవుని దయ వల్ల ఇక్కడ మేము క్షేమం అని రాసి, 'మేము' కొట్టేసి 'నేను' అని దిద్దాను. ముప్ఫై ఆరేళ్ళ అలవాటు. కాగితం మార్చలేదు, దిద్దింది అలాగే ఉండనిచ్చాను. అక్కడ నువ్వూ, మీ కెప్టెనూ, తోటలో పనిచేసేవాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం జనవరి ఆఖరి వారంలో అందింది. జవాబుకి నెల పట్టింది. ఫోన్లో నువ్వు రెండుసార్లు అడిగావు, అందింది, రాస్తానన్నాను. స్పోర్ట్స్ హాస్టల్లో ఫోన్లు ఉంచుకోనివ్వని రోజుల్లో మీ అమ్మ మొదలుపెట్టిన ఉత్తరాల అలవాటు ఇది. తర్వాత ఫోన్లు వచ్చినా మీరిద్దరూ మానలేదు. ఆవిడ ఉత్తరం నాలుగు పేజీలు నడిచేది. చివర నేను ఒక వాక్యం చేర్చేవాణ్ణి, 'ఆరోగ్యం జాగ్రత్త' అని. ఇప్పుడు ఉత్తరమంతా నేనే రాయాలి. నాకంత రాదు. అయినా ఈసారి కాస్త పొడవే అవుతుంది.

ముందు నువ్వడిగిన తేలిక ప్రశ్నలు.

బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. పొద్దున టెలిఫోన్ ఆఫీసు దాకా నడిచి వస్తున్నాను. అన్నం, పప్పు, చారు వండటం వచ్చింది. చేపల పులుసు రాలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక సుందరమ్మ గిన్నెలో పెట్టి పంపుతుంది. నీకు గుర్తుండే ఉంటుంది, చర్చిలో ఎప్పుడూ మీ అమ్మ పక్కన కూర్చునే ముసలావిడ. ఇప్పుడు డెబ్భై నాలుగు దాటాయి. మనవరాలు పింకీ చెయ్యి పట్టుకుని వస్తుంది. గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా, "ఉప్పు సరిపోయిందా బాబూ" అని అడుగుతుంది. సరిపోయిందంటాను. కొన్నిసార్లు సరిపోదు.

అమ్మ కళ్ళజోడు సంగతి అడిగావు. కొత్తది తెనాలిలో ఇచ్చాం, ఆగస్టులో. తర్వాత ఎవరికీ అది గుర్తులేదు. డిసెంబరులో షాపతను ఫోన్ చేశాడు, "అమ్మగారి కళ్ళజోడు రెడీ అయి మూడు నెలలైంది సార్" అని. రైలెక్కి వెళ్ళి తెచ్చాను. ఆవిడ పోయిన సంగతి అతనితో చెప్పలేదు. పెట్టెలో పెట్టి ఇస్తూ, "చెవుల దగ్గర వదులనిపిస్తే తీసుకురమ్మనండి, సరిచేసిస్తాను" అన్నాడు. అలాగేనన్నాను. అది బీరువాలో ఉంది. నువ్వు వచ్చినప్పుడు చూడు.

నీ మోకాలి సంగతి మాత్రం నువ్వు రాయలేదు. ద్రాక్ష కోతలు కదా ఇప్పుడు, గంపలు ఎత్తుతున్నావా? డాక్టరు పది కిలోలు దాటి ఎత్తవద్దన్నాడు. థాయిలాండ్ క్లబ్బులో రెండో సీజను అయ్యాక కూడా నువ్విలాగే కాలి సంగతి దాచావు. ఆపరేషను బల్ల మీద నుంచి మీ అమ్మకి ఫోన్ చేశావు.

నీ పని గురించి నువ్వు రాసిన రెండు పేజీలు చాలాసార్లు చదివాను. ఆట మానేసినవాళ్ళు కోచ్‌లవుతారు, రైల్వేలోనో బ్యాంకులోనో కుర్చీలో కూర్చుంటారు, పెట్రోలు బంకు పెట్టుకుంటారు. నాకు తెలిసిన దారులు అవి. నాసిక్‌లో మీ కెప్టెను పుట్టింటి తోటలో ముగ్గురు వాలీబాల్ ఆటగాళ్ళు చేరి వైన్ చెయ్యడమేమిటో నాకు బోధపడలేదు. నువ్వు రాశావు: "ఆటలో ఏ పాయింటైనా పది సెకన్లలో తేలిపోతుంది నాన్నా. గెలిచామో ఓడామో బోర్డు మీద పడిపోతుంది. ఇక్కడ నేను ఈ రోజు చేసింది తప్పో ఒప్పో ఏడాదికి గాని తెలియదు. ఇరవై ఏళ్ళు ఈలకీ ఈలకీ మధ్య బతికాను. ఇప్పుడు ఎవరూ ఈల వెయ్యరు. నాకిది హాయిగా ఉంది." ఈ మాట నాకు నచ్చింది. ఉదయం నాలుగున్నరకి లేవడం, ప్రతి పూటా కొలిచి రాసుకోవడం, వేళ్ళు పగిలినా ఎవరికీ చెప్పకపోవడం, ఇవన్నీ అక్కడ పనికొస్తున్నాయని రాశావు. అదీ నమ్ముతున్నాను.

నాకు సిగ్గుగా ఉన్నది ఇంకొకటి. ముప్ఫై మూడేళ్ళు తెనాలి కాలేజీలో చక్కెర ఆల్కహాలుగా మారే సమీకరణం బోర్డు మీద రాశాను. ఇంట్లో మీ అమ్మ ప్రతి ఏడూ సంఘం కోసం అదే పని జాడీలో చేసింది. నేను ఒక్కసారి కూడా వాసెన గుడ్డ విప్పి చూడలేదు. అది చర్చి పని, ఆడవాళ్ళ పని అనుకున్నాను. ప్రభు భోజనం రోజున అందరితో పాటు వరుసలో మోకరించి, పాస్టరు అయ్యగారు అందించింది తాగి, లేచి వచ్చేవాణ్ణి. బాగుందని కూడా ఎప్పుడూ అనలేదు. అది అనే చోటు కాదనుకున్నాను.

బాపట్లలో నీ మొదటి స్కూలు టోర్నమెంటు గుర్తుందా? నీకు పద్నాలుగేళ్ళు. మీ అమ్మ వాలీబాల్ చూడటం అదే మొదలు. ఒక సెట్టంతా చూసి నన్నడిగింది: "మన పిల్ల బంతిని అటేపు కొట్టదేంటండీ? వచ్చిన ప్రతి బంతీ పక్కపిల్లలకే ఇస్తదేంటి?" సెట్టరు పని అదేనని చెప్పాను. కొట్టేవాళ్ళకి కావలసిన ఎత్తులో, కావలసిన చోట అందించడం. "అంటే వడ్డించే పని" అంది. తర్వాత మ్యాచి అయ్యేదాకా నీ చేతులే చూసింది.

ప్రభు భోజనానికి అమ్మ ద్రాక్షారసం పెట్టే పద్ధతి అడిగావు. నాకు తెలిసినంత రాస్తాను, నీకు తెలియనిది ఏదైనా ఉంటే తీసుకో. భస్మ బుధవారం ఆరాధన అయి వచ్చాకే మొదలుపెట్టేది, అంతకు ముందు రోజు కాదు, తర్వాత రోజు కాదు. లెంటు ఉపవాస దినాలన్నీ జాడీ మూసి ఉండాలి, ఈస్టరుకి తెరవాలి. గింజలున్న బెంగుళూరు నల్లద్రాక్షే కావాలి. గింజలేనిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనేది. గుత్తిని ఒక్కసారి కడిగి, నీడలో ఆరబెట్టి, కాయ కాయ కోసి, చేత్తోనే చిదిమేది. గుప్పెడు గోధుమలు. జాడీకి వాసెన కట్టి, మిల్లు నుంచి తెచ్చిన ఊకలో మెడదాకా దింపేది. నిన్ను ఆ దరిదాపులకి రానిచ్చేది కాదు, "వేళ్ళకి ఆ ప్లాస్టర్లతో ముట్టుకోబాకు" అని. ఇదంతా నేను చూసింది కాదు. ఈ మధ్య సుందరమ్మని అడిగి రాసుకున్నాను. ఎందుకంటే ఈ ఏడు జాడీ పెట్టే పని నా మీద పడింది. ఎలా పడిందో చెబుతాను.

ఇంకా రెండు ప్రశ్నలు మిగిలాయి. మీ మొదటి ఎర్ర వైన్ సీసాల మీద 'విజయమ్మ' అని పేరు వేసుకోవచ్చా అని ఒకటి. ఉత్తరం చివర, సంతకం కింద, చిన్న అక్షరాలతో రాసింది ఇంకొకటి: "అమ్మ నా మీద బాధతోనే పోయిందా నాన్నా?"

రెండోదానికి జవాబు చెప్పకుండా మొదటిదానికి చెప్పలేను.

సమాధి దగ్గర కూడా ఇదే అడిగావు. "అమ్మ ఏమైనా అందా?" అని. ఏమీ అనలేదన్నాను. అది నిజం. కానీ నిజమంతా కాదు.

కిందటి ఏడాది కాక అంతకు ముందు ఏడాది, జూన్‌లో, నువ్వు నాకు ఫోన్ చేసి వైన్ సంగతి చెప్పావు. "అమ్మకి నువ్వే మెల్లగా చెప్పు నాన్నా, నాకు భయంగా ఉంది" అన్నావు. నాలుగు రోజులాగి నేను నీకు ఫోన్ చేశాను. మీ అమ్మతో చెప్పానన్నాను. విని రెండు రోజులు అన్నం ముట్టలేదన్నాను. ఆమె మనసు బాగా నొచ్చుకుంది, ఈ మాట ఇక ఆమె దగ్గర ఎప్పుడూ ఎత్తకన్నాను. నువ్వు ఏడ్చావు. ఎత్తనని మాటిచ్చావు. ఆ మాట నిలబెట్టుకున్నావు.

నేను మీ అమ్మతో చెప్పలేదు, స్నేహా. ఆమె అన్నం మానలేదు. ఆమె మనసు నొచ్చుకోలేదు. నొచ్చుకున్నది నేను. నాకు ఇష్టం లేదని నా నోటితో చెప్పే ధైర్యం లేక ఆమె పేరు వాడుకున్నాను. 'మీ అమ్మ బాధపడుతుంది' అంటే నువ్వు ఆగుతావని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ ఆ మాటతోనే నిన్ను ఆపాను. ఈసారి నువ్వు ఆగలేదు. పని మానలేదు, అమ్మకి చెప్పడం మానేశావు. మీ అమ్మతో నేను, నువ్వు నాసిక్‌లో వాలీబాల్ కోచ్‌గా చేరావని చెప్పాను. సంఘంలోనూ అదే చెప్పాను.

ఎందుకు చేశానో చెప్పాలి. మా నాన్నని కొల్లిపర సారా దుకాణం నుంచి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చిన సాయంత్రాలు నేనెవరికీ చెప్పలేదు. మీ అమ్మకి తెలుసు. నువ్వు సీసా అనగానే నాకు ఆయన కనిపించాడు. మీరు చేసేది వేరని నాకు చదువు చెబుతుంది. అయినా కనిపించాడు. దానికి తోడు, నేను సంఘపెద్దని. ఇక్కడ వైన్ అంటే ఊరి చివర ఇనప కటకటాల వెనక అమ్మే కొట్టు. ఇవి కారణాలు. వీటివల్ల నేను చేసింది సరి అయిపోదు.

ఇంతవరకు నాకు తెలిసింది. మిగతా సగం ఫిబ్రవరి ఎనిమిదో తేదీన తెలిసింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కమిటీ కూర్చుంది. కార్యదర్శి బర్నబాస్ రిజిస్టరు తెరిచి, "విజయమ్మగారు పోయారు. ఈ ఏడు జాడీ ఎవరు పెడతారు? గుంటూరులో సీసాల్లో ద్రాక్షరసం అమ్ముతున్నారు. పన్నెండు తెప్పిస్తే ఏడాదంతా గడిచిపోద్ది" అన్నాడు.

వెనక బెంచీలోంచి సుందరమ్మ, "ఆ తియ్యనీళ్ళా? మా పింకీకి దగ్గొస్తే డాక్టరు అట్టాంటిదే రాసిచ్చాడు" అంది. అందరూ నవ్వారు.

"పోనీ నువ్వు పెడతావా అమ్మమ్మా?" అన్నాడు బర్నబాస్.

"నా చేతులు వణుకుతున్నాయయ్యా. కడగమంటే జాడీ కడుగుతా."

అప్పుడెవరో, "మాస్టారి అమ్మాయినడగండి" అన్నారు. ఎగతాళో, మామూలుగానో తెలియలేదు. నేను లేచాను. ఎందుకు లేచానో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. నీ ఉత్తరం జేబులో ఉంది.

"ఒక సంగతి చెప్పాలి. మా అమ్మాయి నాసిక్‌లో కోచ్ కాదు. రెండేళ్ళుగా మీతో నేను చెప్పింది అబద్ధం. ఆమె వైన్ చేసే చోట పనిచేస్తోంది. అందులో భాగస్తురాలు కూడా" అన్నాను.

నా సంఘపెద్ద పదవి పోతుందనుకున్నాను. దానికి సిద్ధపడే లేచాను.

బర్నబాస్ రిజిస్టరులోంచి తలెత్తకుండానే, "తెలుసు మాస్టారూ. కూర్చోండి" అన్నాడు.

"మీకెట్లా తెలుసు?"

"ఎట్లా ఏంటండీ? కిందటేడు వీడియో ఊరంతా చూసింది. ఆట మానేసిన అమ్మాయిలు ద్రాక్షతోట పెట్టారని. మా ఆవిడైతే స్నేహలత చిక్కిపోయిందని ఒకటే బాధ."

అయ్యగారు కూడా చూశారట. పైగా నలుగురికి పంపారట. అంటే రెండేళ్ళూ నేను కోచింగు గురించి చెబుతుంటే, వీళ్ళంతా "అట్లాగాండీ, మంచిదండీ" అని వింటూ కూర్చున్నారు. దాచింది నేనొక్కణ్ణే. దాగింది ఎవరి దగ్గరా కాదు.

కూర్చోబోతూ ఆగాను. ఊరంతా అంటే ఎవరెవరు?

మీటింగు అయ్యాక సుందరమ్మ మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటోంది. పక్కన కూర్చుని అడిగాను, "విజయకి తెలుసా?" అని.

"తెలియకేం బాబూ. మా పింకీయేగా చూపించింది. స్త్రీల సమాజం అయ్యాక, ఇదిగో, ఈ మెట్టు మీదే. మార్చిలో. ఐదుసార్లు చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది."

"ఏమంది?"

"గుత్తిని కిందనుంచి అట్టా అరచేతిలో పట్టి ఎత్తింది చూడు సుందరమ్మా, అది నా పట్టే అంది. దగ్గరికి రానియ్యకపోయినా ఎప్పుడు చూసిందో దొంగముండ, అని నవ్వింది. మళ్ళీ, అంతంత బూట్లేసుకుని తోటలో నడుస్తారేంటే, అంది."

"నాతో ఒక్క మాట అనలేదు."

"మీతో ఏమంటదండీ? కోచింగులో చేరిందని మీరేగా చెప్పారంట. మా ఆయనకి అబద్ధమాడటం చేతకాదు, చెవులు ఎర్రబడిపోతయ్యి, అందుకే మొహం చూడకుండా ఊ కొట్టా, అంది. నాకు తెలిసిపోయిందని ఆయనతో అనబాకు, సిగ్గుపడి అన్నం తినడు, అంది. నేను ఇప్పటిదాకా అన్లా. ఈ రోజు మీరే లేచి చెప్పారు కాబట్టి చెబుతున్నా."

"మరి పిల్లకైనా ఫోన్ చేసి అడగొచ్చుగా?"

"నేనూ అదే అన్నా. దాని నోటితో అది చెప్పాలి, నేనడిగితే దొంగని పట్టుకున్నట్టుంటది, అంది. చెబుద్దిలే, చెప్పేదాకా ఉంటా, అంది."

సుందరమ్మ చెప్పులు వేసుకుంది. పింకీ వచ్చి చెయ్యందించింది. లేస్తూ, "ఉండలేదు మరి" అంది.

మార్చి నుంచి, మీ అమ్మ పోయిన సెప్టెంబరు దాకా క్యాలెండరు పెట్టి చూశాను. ఇరవై ఏడు ఆదివారాలు. ప్రతి ఆదివారం మీరిద్దరూ మాట్లాడుకున్నారు. ఫోను స్పీకరులో పెట్టి పట్టుకున్నది నేను. వర్షాలు, కూరలు, నీ పెళ్ళి, పక్కింటివాళ్ళ కుక్క, అన్నీ మాట్లాడుకున్నారు. ఆఖర్న మీ అమ్మ, "ఇంకేంటమ్మా?" అనేది. నువ్వు "ఇంకేం లేదమ్మా" అనేదానివి. కాస్త ఆగి మళ్ళీ "ఇంకేంటి?" అనేది. ఫోను పెట్టేసే ముందు అందరూ అనే మాటే అనుకున్నాను. అది అడగడమని నాకు తెలియలేదు. నువ్వు ఎత్తితే ఆమె బాధపడుతుందని నువ్వు ఆగావు. నువ్వే ఎత్తాలని ఆమె ఆగింది. మధ్యలో నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు ఇది. మీ అమ్మ నీ మీద బాధతో పోలేదు. ఒక్క పూట కూడా బాధపడలేదు. నువ్వు చెబుతావని ఎదురుచూస్తూ పోయింది. ఈ చివరి వాక్యం రాయకుండా ఊరుకోవచ్చు. అంతవరకే చదివితే నీ మనసు తేలికపడేది. కానీ నీకు ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో నేను తేల్చడం వల్లే ఇంతదాకా వచ్చింది.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే "పర్లేదు నాన్నా" అంటావు. చిన్నప్పటి నుంచీ నీ స్వభావం అంతే, ఎవరికి ఏది కావాలో అది అందిస్తావు. ఈసారి నాకు అందించకు. నీకు ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు కోపంగా ఉండు.

ఇప్పుడు పేరు సంగతి. నీ ఉత్తరం చదవగానే వద్దని రాయబోయాను. కారణం కూడా రాసేశాను: 'మీ అమ్మకి ఇలాంటివి నచ్చవు' అని. పాతికేళ్ళు సంఘానికి చేసిపెట్టినా ఎక్కడా తన పేరు చెప్పనివ్వలేదు కాబట్టి అది నిజంలాగే ఉంది. రాసింది చదువుకుంటే అర్థమైంది. మళ్ళీ అదే పని చేస్తున్నాను, ఈసారి ఆవిడ సమాధిలో ఉండగా. ఆ కాగితం చించేశాను. ఈ జవాబుకి నెల పట్టింది అందుకే.

కాబట్టి నా పేరుతోనే చెబుతున్నాను. నాకు నచ్చలేదు. సాయంత్రం అప్పుడప్పుడు బస్సెక్కి పెనుమూడి వెళ్తుంటాను. కృష్ణ మీది వారధి కింద, రాళ్ళ మధ్య, తాగి పారేసిన సీసాలు ఉంటాయి. కాగితాలు సగం ఊడి నీళ్ళలో నానుతుంటాయి. అక్కడ ఆ పేరు చూడలేను. ఇది నా భయం, నాదొక్కడిదే. ఆవిడకి నచ్చేదో లేదో నాకు తెలియదు. ఆ ఐదుసార్లు చూసిన మనిషి ఏమనేదో నాకంటే నీకే బాగా తెలుస్తుంది. నువ్వు పేరు వేస్తే నేను మాట్లాడటం మానను. వెయ్యకపోతే నా మాట నెగ్గిందనుకోను.

ఇక జాడీ. ఆ రోజు కమిటీలో నేనే పెడతానన్నాను. "మీరా మాస్టారూ?" అని బర్నబాస్ రెండుసార్లు అడిగి రిజిస్టరులో రాసుకున్నాడు. పద్దెనిమిదో తేదీ బుధవారం ఆరాధన అయి వచ్చి మొదలుపెట్టాను. పండు ముందు రోజు తెనాలి మార్కెట్టు నుంచి తెచ్చాను, పది కిలోలు, గింజలున్నది. కాయలు చిదమడానికి ఒక పూటంతా పట్టింది. గోళ్ళ కింద నలుపు ఇంకా వదల్లేదు. పంచదార మూడు కిలోలు, మొత్తం ఒకేసారి కలిపాను. లెక్కగట్టే కలిపాను. గోధుమలు వేశాను. వాసెన కట్టాను. ఊకలో దింపాను.

మూడో రోజుకి గుడ్డ పైకి ఉబ్బింది. ఇల్లంతా వాసన. చెవి దగ్గర పెడితే లోపల సన్నటి చప్పుడు, వాన ఆగాక నేల పీల్చుకునేటప్పటి చప్పుడు లాంటిది. ఐదు నెలలుగా ఈ ఇంట్లో నేను చేసే చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. రోజుకి నాలుగైదుసార్లు వెళ్ళి విన్నాను.

మొన్నటి నుంచి ఆగిపోయింది. గుడ్డ లోపలికి దిగింది. విప్పి చెంచాతో రుచి చూశాను. పాకంలా తియ్యగా ఉంది. అంటే లోపలి పని పూర్తికాలేదు, సగంలో నిలిచిపోయింది. నా పుస్తకాల్లో సమీకరణం ఉంది కానీ ఆగిపోయినదాన్ని ఎలా కదిలించాలో లేదు. సుందరమ్మనడిగితే, "విజయమ్మకి కూడా ఒకేడు ఇట్టాగే అయింది బాబూ. ఏదో చేసింది. ఏం చేసిందో నేను చూళ్ళేదు" అంది. బర్నబాస్ రోజూ ఫోన్ చేసి, "ఆ సీసాల రసం చెప్పెయ్యమంటారా?" అంటున్నాడు. ఆగమన్నాను. ఈస్టరు ఏప్రిల్ ఐదున. నూట నలభై మంది ప్రభువు బల్ల దగ్గరికి వస్తారు.

జాడీ సంగతి ఒక్కటే అయితే నిన్ననే ఫోన్లో అడిగేవాణ్ణి. పైదంతా చెప్పకుండా నీ చేత సాయం చేయించుకోవడం సరికాదనిపించింది. అందుకని రెండూ ఒకే కవరులో పెట్టి స్పీడ్‌పోస్టు చేస్తున్నాను.

నీళ్ళు కలపాలా? వెచ్చటి చోటికి మార్చాలా? కొత్త పండు చిదిమి కలపాలా? లేక పారబోసి ఒప్పుకోవాలా? ఇది నీ విద్య, నాకు తెలియదు. నువ్వు ఏది చెబితే అది చేస్తాను. ఎవరు చెప్పారని సంఘంలో అడిగితే, మా అమ్మాయి చెప్పింది, అది వైన్ చేసే మనిషి అంటాను. మిగతా ఉత్తరానికి నీకు రాయాలనిపించినప్పుడే రాయి. రాయాలనిపించకపోతే మానెయ్యి. ఈ ఒక్కదానికి మాత్రం ఆలస్యం చెయ్యకు. ఆగిపోయాక జాడీలోది ఎన్ని రోజులు పాడవకుండా ఉంటుందో నాకు తెలియదు. నీకు తెలుసు.

ఇట్లు,
నువ్వు చెప్పేది వినడానికి కూర్చున్న
నాన్న